ఎం.ఏ. ఎకనామిక్స్ అయ్యాక: ఐఈఎస్సా, ఆర్‌బీఐనా, బ్యాంకు ఎకనామిస్టా?

నల్లపాడు కుర్రాడు:
నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ ఫైనలియర్. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఐఈఎస్ (ఇండియన్ ఎకనామిక్ సర్వీస్), ఆర్‌బీఐ గ్రేడ్ బీ ఆఫీసర్ పోస్టుల్లో డీఈపీఆర్ (ఆర్థిక, విధాన పరిశోధన శాఖ), బ్యాంకుల్లో ఎకనామిస్ట్ పోస్టులు... మూడింటికీ ఒకే చదువు సరిపోతుందా? చేరాక రోజూ చేసే పనేంటి? గుంటూరు, విజయవాడ వదలకుండా ఈ లైన్లో ఏమన్నా దొరుకుతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కృష్ణలంక:
ఐఈఎస్, డీఈపీఆర్ సిలబస్ చాలావరకు ఒకటే తమ్ముడూ, పరీక్ష తీరే వేరు.

ఐఈఎస్ యూపీఎస్సీ పెడుతుంది. రాతపరీక్ష 1000 మార్కులకి. ఇంగ్లిష్ 100, జనరల్ స్టడీస్ 100, జనరల్ ఎకనామిక్స్ మూడు పేపర్లు, ఇండియన్ ఎకనామిక్స్ ఒకటి, ఈ నాలుగూ ఒక్కోటి 200. ఆపైన ఇంటర్వ్యూ 200. సివిల్స్‌లో లాగా తెలుగులో రాసే వీల్లేదు, జవాబులన్నీ ఇంగ్లిష్‌లోనే. ఆ ఏడాది ఆగస్టు 1కి వయసు 21–30 మధ్య ఉండాలి.

డీఈపీఆర్‌కి పీజీలో 55 శాతం తప్పనిసరి (ఎస్సీ, ఎస్టీలకి 50). ఫేజ్ 1లో ఎకనామిక్స్ ఆబ్జెక్టివ్ 100, ఇంగ్లిష్ డిస్క్రిప్టివ్ 100. ఫేజ్ 2లో ఎకనామిక్స్ డిస్క్రిప్టివ్ రెండు పేపర్లు, ఒక్కోటి 100. ఇంటర్వ్యూ 75. ఫేజ్ 1 ఇంగ్లిష్ పేపరు కీబోర్డు మీద టైప్ చేయాలి. దీన్ని చాలామంది ఆఖరి వారం దాకా పట్టించుకోరు.

ఖాళీలు తక్కువ, ముందే తెలుసుకుని దిగండి. ఐఈఎస్‌కి 2024లో 18, 2025లో 12. డీఈపీఆర్‌కి 2023లో 38, 2024లో 21, 2025లో 17.

ఎక్కువమంది బోల్తా పడేది జనరల్ ఎకనామిక్స్ మొదటి పేపర్లో. థియరీ బొమ్మలు అందరూ గీస్తారు, లెక్క దగ్గర ఆగిపోతారు. ఉదాహరణకి: యుటిలిటీ = ఎక్స్ × వై, ఆదాయం 120, వై ధర 1, ఎక్స్ ధర 2 నుంచి 3కి పెరిగింది. ముందు ఎక్స్ 30, వై 60. ధర పెరిగాక ఎక్స్ 20. మొత్తం తగ్గుదల 10. దీన్ని రెండుగా విడగొట్టాలి: ధర మారినందుకు వేరే సరుకు వైపు మళ్లింది ఎంత (ప్రత్యామ్నాయ ప్రభావం), కొనే శక్తి తగ్గినందుకు ఎంత (ఆదాయ ప్రభావం). స్లట్‌స్కీ పద్ధతిలో పాత బుట్ట కొత్త ధరల్లో కొనాలంటే 30 × 3 + 60 = 150 కావాలి. ఆ 150తో ఎక్స్ 25 కొంటాడు. అంటే ప్రత్యామ్నాయ ప్రభావం 5, ఆదాయ ప్రభావం 5. ఇదే హిక్స్ పద్ధతిలో, అంటే పాత బుట్ట బదులు పాత తృప్తి నిలిచేలా చేస్తే, 25 బదులు సుమారు 24.5 వస్తుంది. ప్రశ్నలో ఎవరి పేరుందో చూడకుండా రెండోది చేసేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు కొల్లలు.

గవర్నరుపేట:
పని సంగతి నేను చెప్తా. ఐఈఎస్ అంటే రీసెర్చ్ అనుకుని వెళ్తే నిరాశే. అసిస్టెంట్ డైరెక్టర్‌గా లెవెల్ 10లో, మూలవేతనం 56,100తో మొదలు. ఏదో ఒక మంత్రిత్వ శాఖలో కూర్చుని క్యాబినెట్ నోట్ మీద అభిప్రాయం రాయడం, పార్లమెంటు ప్రశ్నకి జవాబు తయారుచేయడం, సబ్సిడీ లెక్క సరిచూడడం... ఇదీ దినచర్య. ఆర్థిక శాఖలో పడితే ఎకనామిక్ సర్వే అధ్యాయాలు. రెండు పేజీల్లో తేల్చి రాయగలిగినవాడికే అక్కడ విలువ.

డీఈపీఆర్‌లో రీసెర్చ్ నిజంగానే ఉంది. ఆర్‌బీఐ బులెటిన్ వ్యాసాలు, రాష్ట్రాల ఆర్థిక పరిస్థితి మీద నివేదిక ఆ శాఖలోనే తయారవుతాయి. కాకపోతే కాపురం ఎక్కువగా ముంబైలోనే.

ఇంకో మాట. మనవైపు ఎవర్నడిగినా వై.వి. రెడ్డిగారు, దువ్వూరి సుబ్బారావుగారు అంటారు. ఇద్దరూ ఐఏఎస్ నుంచి ఆర్‌బీఐ గవర్నర్ కుర్చీకి వెళ్లినవాళ్లు. ఈ రెండు దారులూ అటు తీసుకెళ్తాయని లెక్కలు వేసుకోకండి.

వన్‌టౌన్ లెడ్జర్:
బ్యాంకు ఎకనామిస్ట్ పోస్టు ఐబీపీఎస్ ఎస్‌ఓలో (ప్రభుత్వ బ్యాంకుల స్పెషలిస్ట్ ఆఫీసర్ల ఉమ్మడి పరీక్ష) ఉండదు, అక్కడ వెతికి టైం పాడుచేసుకోవద్దు. బ్యాంకులు దేనికదే విడిగా నోటిఫికేషన్ ఇస్తాయి, ఒకటో రెండో పోస్టులు, తరచూ అనుభవం అడుగుతాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాక హైదరాబాద్‌లో ఉన్న ఆ ఒక్క హెడ్డాఫీసూ పోయింది.

పని ఎలా ఉంటుందంటే: రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకి ఇచ్చే అప్పు మీద వడ్డీ రేటు) పావు శాతం తగ్గింది. బ్యాంకు అప్పుల్లో ప్రతి 100 కోట్లకి 40 కోట్లు రెపోతో ముడిపడినవి అనుకుందాం. మూడు నెలల్లోపు వాటి వడ్డీ తగ్గించక తప్పదు. ఏడాదికి 10 లక్షల ఆదాయం పోతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ మాత్రం గడువు తీరేదాకా కదలదు. ఈ మధ్యలో మార్జిన్ (వచ్చే వడ్డీకి, ఇచ్చే వడ్డీకి తేడా) ఎంత నలుగుతుంది, డిపాజిట్ రేటు ఎప్పుడు తగ్గించాలి అన్న నోట్ ఆల్కో (బ్యాంకు ఆస్తులు, అప్పుల సంగతి చూసే కమిటీ) మీటింగుకి ముందురోజే టేబుల్ మీద ఉండాలి. డిమాండ్ కర్వులు ఎవరూ అడగరు, ఎక్సెల్ మాత్రం చేతిలో ఆడాలి.

తెనాలి కాల్వగట్టు:
ఇల్లు వదలకుండా అన్నారు కాబట్టి: రాష్ట్ర ఆర్థిక గణాంక శాఖ. ఏపీపీఎస్సీ ద్వారా అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు పడతాయి. స్టాటిస్టిక్స్ చదివి ఉండాలన్న మెలిక ఉంటుంది, అర్హత పేరా రెండుసార్లు చదవండి.

జీఎస్‌డీపీ (రాష్ట్ర స్థూల ఉత్పత్తి) అంకెలో పంటల వాటా పుట్టేది పొలంలోనే. వరికి 5 × 5 మీటర్ల గడి కోసి, నూర్చి తూస్తారు. 15 కిలోలు వస్తే హెక్టారుకి 400 రెట్లు, అంటే 6000 కిలోలు. గడి ఎక్కడ పడాలో ర్యాండమ్ నంబరు చెప్పాలి. గట్టు పక్కన ఏపుగా ఉన్న చోట తాడు పరిచారంటే మొత్తం అంచనా ఉబ్బిపోతుంది. పచ్చి ధాన్యం తూకం అలాగే ఎక్కించినా అంతే, ఆరాక ఎంత తగ్గిందో తీసేయాలి. మిర్చి ఇంకా చికాకు, కోతకో తూకం వేసి అన్నీ కలపాలి. మధ్యలో ఒక్కటి వదిలేసినా దిగుబడి తప్పు పడుతుంది.

నాబార్డ్ (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) గ్రేడ్ ఏ ఆఫీసర్ పోస్టు కూడా చూడండి. జిల్లాకి ఎంత రుణం ఇవ్వొచ్చో ఏటా అంచనా వేసేది వాళ్లే.

నల్లపాడు కుర్రాడు:
చాలా థాంక్సండీ. నా మార్కులు సీజీపీఏలో ఉన్నాయి, 55 శాతం ఎలా చూపించాలి? ముందు దేనితో మొదలుపెట్టమంటారు?

కృష్ణలంక:
సీజీపీఏని శాతంలోకి మార్చే పద్ధతి చెప్తూ యూనివర్సిటీ ఇచ్చే పత్రం ఇప్పుడే తీసి పెట్టుకో, నోటిఫికేషన్ పడ్డాక పరిగెత్తితే ఆలస్యమవుతుంది. మొదలు ఎకనామెట్రిక్స్‌తోనే. రోజూ గంట, పెన్నుతో. థియరీ సాయంత్రం చదివినా ఎక్కుతుంది.