వై క్రోమోజోమ్ నిజంగా మాయమైపోతుందా?

ప్రశ్న: మగవాళ్లలో ఉండే వై క్రోమోజోమ్ ఇంకో 46 లక్షల ఏళ్లలో ఉండదంటున్నారు. ఆ లెక్క ఎక్కడిది?

జవాబు 1: వట్టి భాగహారమండీ. పోయిన జన్యువులను గడిచిన కాలంతో భాగించి, అదే వేగం ఇకముందూ ఉంటుందనుకున్నారు. నష్టం చాలావరకు మొదట్లోనే జరిగిపోయింది. రీసస్ కోతి, మనం విడిపోయి 2.5 కోట్ల ఏళ్లు. అప్పట్నుంచి మన వై పోగొట్టుకున్న పాత జన్యువు ఒక్కటే.

జవాబు 2: నిజమే. పైగా వైలో 8 పాలిండ్రోములున్నాయి, మన ‘వికటకవి’ లాంటివి. ఒక సగంలో డీఎన్‌ఏ అక్షరం చెడితే రెండో సగాన్ని చూసి దిద్దుకుంటుంది. చిక్కూ అక్కడే: ఒకేలా ఉన్న ముక్కలు పొరపాటున కలిస్తే మధ్యభాగం ఎగిరిపోతుంది. వైలో వీర్యకణాల తయారీకి కావలసిన ఏజెడ్ఎఫ్‌సి అనే భాగం పోయే లోపం అలాంటిదే. దాదాపు 35 లక్షల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు) పోయి వీర్యకణాల సంఖ్య బాగా పడిపోతుంది.

జవాబు 3: వై పోతే మగజాతి పోవాలనేం లేదు. జపాన్‌లోని అమామి ముళ్ల ఎలుకకు వై లేదు, వైలో ఉండి పిండాన్ని మగగా మలిచే ఎస్‌ఆర్‌వై జన్యువు కూడా లేదు. మామూలుగా ఎస్‌ఆర్‌వై మేల్కొలిపేది సాక్స్9 జన్యువును; ఈ ఎలుకల్లో మగవాటికి దాని దగ్గర 17 వేల బేస్‌ల ముక్క రెట్టింపై ఉందని 2022లో తేలింది.