తలనొప్పికి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చా?

డాలస్ రమణి: నాకు మైగ్రేన్ ఉంది. అది కాక, రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుంటే మెడ వెనక మొదలై కుడి కన్ను దాకా పాకే నొప్పి ఇంకోటి. ఆఫీసు ఇన్సూరెన్స్ కైరోప్రాక్టర్‌కి (వెన్ను, మెడ కీళ్లను చేత్తో సర్దేవాళ్లు) డబ్బులిస్తుంది, కొలీగ్స్ అందరూ వెళ్లమంటున్నారు. హైదరాబాద్ నుంచి మా వదినేమో "మెడ జోలికి ఎవర్నీ రానివ్వకు" అని ఒకటే పోరు. ఎవరి మాట వినను?

ఆస్టిన్ బుల్లోడు: నిక్షేపంలా వెళ్లండి. మెడ పట్టేసి తల దిమ్మెక్కిపోయే నాకు అక్కడే తగ్గింది. అమెరికాలో వీళ్లు డిగ్రీ చదివి, రాష్ట్ర లైసెన్స్ తీసుకున్నవాళ్లు. మనూళ్లో కటింగ్ అయ్యాక గడ్డం పట్టుకుని మెడ టక్కుమనిపించే సెలూన్ వాడితో కలిపి చూడకండి.

సందేహాల రావు: లైసెన్స్ సరే, అసలు పునాది ఏంటో చూడండి. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో ఈ వైద్యం మొదలెట్టిన డి.డి. పామర్ ఒక చెవిటి మనిషి వెన్ను నొక్కి వినికిడి తెప్పించానన్నాడు. చెవి నరం వెన్నుపూసల్లోంచి పోనే పోదు! లోపలి చెవి నుంచి నేరుగా మెదడుకు వెళ్తుంది. ఆ టక్కుమనే శబ్దం కూడా ఎముక సర్దుకున్నది కాదు, కీలు ద్రవంలో ఏర్పడే గాలి బుడగది.

ఆస్టిన్ బుల్లోడు: పామర్‌ని వదిలేయండి సార్. తగ్గిందా లేదా అన్నది కదా ముఖ్యం.

కూకట్‌పల్లి ఫిజియో: దేనికి తగ్గిందన్నది ఇంకా ముఖ్యం. రమణి గారూ, మీకున్నవి రెండు వేర్వేరు నొప్పులు.

మెడలోంచి వచ్చేదాన్ని సర్వికోజెనిక్ అంటాం. మెడ పైభాగం నరాలూ, ముఖంలో నొప్పి తెలిపే నరమూ వెన్నుపాములో ఒకే చోట కలుస్తాయి, అందుకే మెడ నొప్పి కంటి దగ్గర తెలుస్తుంది. దీనికి మెడ సర్దడం కొంత పనిచేస్తుంది. 2018లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 256 మందిని చూశారు. 18 సిట్టింగులు తీసుకున్నవాళ్లకి, ప్రతి నాలుగు వారాలకీ 16 దాకా ఉండే నొప్పి రోజులు 8కి దిగాయి. సగానికి సగం అని ప్రకటనల్లో వేసుకోవచ్చు. కానీ తేలికపాటి మసాజ్ మాత్రమే చేయించుకున్నవాళ్లకీ కొంత తగ్గింది. లెక్క తీస్తే ప్రతి 6 సిట్టింగులకీ అదనంగా కలిసొచ్చింది దాదాపు ఒక్క రోజు.

మైగ్రేన్ సంగతి వేరు. నార్వేలో 104 మంది మీద చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి నిజంగా సర్దారు, కొందరికి ఉత్తుత్తినే నొక్కారు. ఇద్దరికీ తగ్గింది! ఫలితం ప్లాసిబోదే, అంటే చికిత్స జరిగిందన్న నమ్మకానిదే కావచ్చని వాళ్లే తేల్చారు. టెన్షన్ తలనొప్పికి 1998 నాటి డెన్మార్క్ ప్రయోగంలోనూ మెడ సర్దినందువల్ల అదనపు లాభం కనబడలేదు.

సందేహాల రావు: రిస్క్ గురించి ఎవరూ మాట్లాడరేం? మెడను ఒక్కసారిగా తిప్పితే రక్తనాళం లోపలి పొర చిరిగి, గడ్డ కట్టి స్ట్రోక్ రావచ్చు.

ఆస్టిన్ బుల్లోడు: కెనడాలోని ఆంటారియోలో 2008 నాటి అధ్యయనం చదవండి. ఆ రకం స్ట్రోక్ వచ్చినవాళ్లు అంతకుముందు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే, ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం కూడా కనబడింది. అంటే నాళం అప్పటికే చిరిగి, ఆ నొప్పితోనే వచ్చి ఉంటారన్నమాట.

సందేహాల రావు: అదే నేననేది! చిరిగిన నాళంతో వచ్చిన మనిషి మెడని ఇంకో తిప్పు తిప్పితే? చాలా అరుదేననుకోండి. అయినా ముందే రోగికి చెప్పాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే అంది. మీకు చెప్పారా?

ఆస్టిన్ బుల్లోడు: ఏదో ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు.

వదిన పార్టీ: 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకి పార్లర్ బేసిన్ మీద మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుంటే స్ట్రోక్ వచ్చింది, పేపర్లలో కూడా వేశారు. వదిన గారిదే రైటు.

కూకట్‌పల్లి ఫిజియో: మరీ అంత భయం అక్కర్లేదు గానీ, తిప్పించుకోకుండానే పనయ్యే దారి ఉంది. ఆస్ట్రేలియాలో 200 మందిపై చేసి 2002లో ప్రచురించిన ప్రయోగంలో మెడ సర్దడమూ, వ్యాయామమూ దాదాపు సమానంగా పనిచేశాయి, ఏడాది దాకా ఫలితం నిలిచింది. వెల్లకిలా పడుకోండి. తల పైకెత్తకుండా, 'ఊ' కొట్టినట్టు గడ్డం కొద్దిగా లోపలికి వంచి పది సెకన్లు ఆపండి. గొంతు పక్క కండరాలు బిగుసుకుంటే ఎక్కువ వంచారని అర్థం. మొదట్లో ఒక ఫిజియో ఎదురుగా చేయడం మేలు.

ఇంతకీ మాత్రలు ఎన్ని వేస్తున్నారు?

డాలస్ రమణి: ఎక్సెడ్రిన్. వారంలో మూడు నాలుగు రోజులు వేస్తానండీ.

కూకట్‌పల్లి ఫిజియో: ఇది ముందు చెప్పాల్సింది కదమ్మా! అలాంటి మిశ్రమ మాత్రలు (ఒకటికి మించి మందులు కలిపినవి) నెలలో 10 రోజులో అంతకు మించో, మూడు నెలలకు పైగా వాడితే మాత్రే తలనొప్పి తెస్తుంది. మెడని ఎవరు సర్దినా ఇది తగ్గదు. ముందు న్యూరాలజిస్ట్‌ని కలవండి.

ఆస్టిన్ బుల్లోడు: మాత్రల విషయం ఒప్పుకుంటా. మెడ విషయంలో మాత్రం నా ఓటు మారలేదు.