రీడింగ్ రూమ్‌కి కొత్త రిఫరెన్సు పుస్తకాలు ఏవి కొనమంటారు?

నమస్తే అండీ. తిరుపతి కొర్లగుంటలో నలుగురం కలిసి చిన్న రీడింగ్ రూమ్ నడుపుతున్నాం, ఈసారి చందాలు పోగేస్తే పదిహేను వేలు వచ్చాయి, నవలలు కాకుండా విషయం ఉన్న తెలుగు పుస్తకాలు కొందామని. 2022 ఏప్రిల్‌లోనే తిరుపతి వేరే జిల్లా అయింది కదా, మా అట్లాసులో ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది! డిక్షనరీ అంటే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు రీప్రింటే దిక్కు. బంగారం లాంటిదే, కానీ గ్రూప్స్‌కి చదివే పిల్లలకి అదొక్కటే సరిపోతుందా? తోతాపురి మామిడి రైతులేమో తెగుళ్ల ఫొటోలున్న పుస్తకం అడుగుతున్నారు, పెద్దవాళ్లు షుగరు, బీపీ మీద డాక్టర్లు రాసినవి. ఇంటర్నెట్‌లోంచి ఎత్తి అచ్చేసినవి మాత్రం వద్దు, పోయినసారి అలాంటివి రెండు కొని మోసపోయాం. ఈ రెండు మూడేళ్లలో వచ్చినవి, మీరు స్వయంగా చదివినవి ఉంటే పేరు, ధర చెప్పండి. బైండింగ్ గట్టిగా ఉందో లేదో కూడా.