ఈ వారం సమస్య: పట్టపగలు వెన్నెల గాసె పడకటింట

నిర్వాహకుడు:
ముందు నిన్నటి ప్రశ్న సంగతి. ‘మాయాబజార్’ (1957)లో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు, మరి కృష్ణుడికో? చాలామంది రుక్మిణి అన్నారు, ఒకరిద్దరు సత్యభామ అన్నారు. జవాబు శకుని! (మా ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే నాకు టీవీ రిమోట్ కనిపిస్తుంది. నెలరోజులుగా అది మా మనవడి చేతిలోనే ఉంది.)

వారమంతా ప్రశ్నలు ఈ సినిమా చుట్టూనే తిరిగాయి కాబట్టి శనివారం సమస్య కూడా దాని పక్కనే పెడుతున్నాను. తేటగీతి చివరి పాదం ఇది:

పట్టపగలు వెన్నెల గాసె పడకటింట

మిగతా మూడు పాదాలూ మీరు పూరించి, పట్టపగలు వెన్నెలేమిటన్న విరోధాన్ని తీర్చాలి. ఇంట్లో సినిమా చూడ్డం గురించి రాయాలి. వారం ప్రశ్నల్లో ఏదైనా పద్యంలో తొంగిచూస్తే ఇంకా సంతోషం. కొత్తవాళ్లకి ఒక్క మాట: పాదానికి ఒక సూర్యగణం (గణమంటే లఘుగురువుల లెక్కతో కట్టిన అక్షరాల గుంపు), రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరం, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. అది కుదరకపోతే ప్రాసయతి, అంటే ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలవాలి.

విజయనగరం మాస్టారు:

తెరలు దించితి, కిటికీలు తెరువకుండ;
లాహిరీ యని పడవపై లలన సాగ
మార్కసుడు చేయు జాబిల్లి మంచ మెక్కె;
పట్టపగలు వెన్నెల గాసె పడకటింట!

నెల్లూరు అక్కయ్య:
మాస్టారూ, జాబిల్లి మంచమెక్కడం భలే ఉంది. ఈ ‘మార్కసుడు’ ఎవరండీ? ఆ కెమెరామన్‌కి మీరు ఒడుగు చేసినట్టుంది.

విజయనగరం మాస్టారు:
పద్యంలో అడుగుపెట్టాక ‘డు’ తగిలించక తప్పదమ్మా. మార్కస్ బార్ట్లే అని పూర్తి పేరు పెడదామని చూశాను, గణాలు మొరాయించాయి.

నిర్వాహకుడు:
విరోధం తీరింది. అయితే తెరలు దించేశాక కిటికీలు తెరవలేదని మళ్లీ చెప్పడం దేనికి? తేటగీతి చిన్న పద్యం, అందులో సగం పాదం దండగైపోయింది. మూడో పాదం మాత్రం మెచ్చుకోవాల్సిందే. నిజం చంద్రుణ్ణి నమ్ముకుని ‘లాహిరి లాహిరి’ పాటంతా తీయడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. అప్పటి ఫిలింకి వెలుతురు బాగా కావాలి, అందుకే వెన్నెలని కెమెరామన్ తయారు చేసుకోవాల్సి వచ్చేది. ‘చేయు జాబిల్లి’ అన్న రెండు మాటల్లో ఆ పనితనమంతా చెప్పారు.

వరంగల్ కొత్త సభ్యుడు:
సర్, 2010లో రంగులద్ది రిలీజ్ చేశారు కదా, అందులో వెన్నెల ఇంకా బాగుంటుందేమో?

విజయనగరం మాస్టారు:
బాబూ, రంగుల్లో నగలు బాగుంటాయి, లడ్డూలు ఇంకా బాగుంటాయి. వెన్నెల మాత్రం నలుపు తెలుపుల్లోనే చూడాలి. ఈ విషయంలో నాతో వాదించకు.

డాలస్ తమ్ముడు:
నాది వేరే దారి.

నాకు నడిరేయి, యమ్మకు నడిపగలట;
ఫోను కెమెరాను మింటికి పొసగ నెత్త
చందమామను తెరమీద జనని చూడ
పట్టపగలు వెన్నెల గాసె పడకటింట!

నెల్లూరు అక్కయ్య:
తమ్ముడూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. అయినా లెక్క లెక్కే. మీకు అర్ధరాత్రి అయితే మాకు వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. నడిపగలు అప్పటికింకా కాలేదు.

డాలస్ తమ్ముడు:
ఒంటిగంటకి చేశానక్కా. ఇక్కడ నిద్రపోయేదెవరు?

నిర్వాహకుడు:
సమస్యని విడదీసిన తీరు అన్నిటికంటే సహజంగా ఉంది, యతులన్నీ శుద్ధం. మరి సినిమా ఏది?

డాలస్ తమ్ముడు:
అమ్మ ఆ పాట చూస్తూనే ఫోన్ ఎత్తిందండీ. పద్యంలో చోటు చాలలేదు.

విజయనగరం మాస్టారు:
పద్యంలో లేనిది లెక్కలోకి రాదు నాయనా. మీ అమ్మగారిని అడిగానని మాత్రం చెప్పు.

వరంగల్ కొత్త సభ్యుడు:
మొదటి ప్రయత్నం, తప్పులుంటే మన్నించాలి. మా నాన్న చిన్నప్పుడు వీసీఆర్ అద్దెకి తెచ్చి, కిటికీలకి దుప్పట్లు కట్టి పొద్దున్నుంచి సినిమాలు వేసేవారట.

ఆదివారము సినిమాకు వీధి యంత
నలుపు తెలుపుల పెట్టెలో నటుల జూడ
తాత గదిలోన తెరవెల్గు తలల మీద
పట్టపగలు వెన్నెల గాసె పడకటింట!

నిర్వాహకుడు:
బాబూ, గణాలన్నీ సరిపోయాయి. మొదటిసారికి అది చిన్న విషయం కాదు. తప్పు ఒక్కటే, మొదటి పాదంలో. ‘ఆ’కీ ‘వీ’కీ యతి కుదరదు. ‘ఆది – వీధి’ అని ప్రాసయతి వేద్దామనుకున్నట్టున్నావు, కానీ ఒకచోట ద, ఇంకోచోట ధ. చెవికి దగ్గరగానే ఉన్నా ప్రాసకి చెల్లదు. ఇలా మార్చి చూడు:

ఆదివారము సినిమాకు నంద రుండ

‘నంద’లో లోపల ఉన్న ‘అం’తో ‘ఆ’కి స్వరయతి. వీధి పోయిందని బాధపడకు, ‘అందరు’లో వీధి మొత్తం కూర్చుంటుంది. ఇంకొకటి: ‘తాత గదిలోన’ అని ‘పడకటింట’ అని గది రెండుసార్లు వచ్చింది. అది తీరిగ్గా నువ్వే సవరించుకో. నలుపు తెలుపు టీవీ నీలి వెలుగు తలల మీద పడటం మాత్రం చూసినవాళ్లకే తెలుస్తుంది. మీ నాన్నగారు బాగా చెప్పారు.

వరంగల్ కొత్త సభ్యుడు:
ధన్యవాదాలు సర్. ద, ధ సంగతి తెలీక రాత్రంతా టెన్షన్ లేకుండా పడుకున్నాను.

నెల్లూరు అక్కయ్య:
ఇక నాది. మంగళవారం ప్రశ్న కూడా ఇరికించాను.

పాండుసుతు లేరి? ప్రశ్నకు బదులు వెదక
మూడు గంటల బొమ్మను మొదటినుండి
చూచుచుండగ శశిరేఖ చురుకు నగవు
పట్టపగలు వెన్నెల గాసె పడకటింట!

నిర్వాహకుడు:
అక్కయ్యా, నమస్కారం. మంగళవారం అడిగింది గుర్తులేనివాళ్ల కోసం: భారతం మనుషులే అయినా ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదకి రారు. కొడుకులున్నారు, సుభద్ర ఉంది, తండ్రులే లేరు. మూడు గంటలు వెతికినా దొరకనివాళ్ల కోసం కూర్చుంటే దొరికింది నవ్వు! పైగా శశిరేఖ అంటేనే చంద్రరేఖ. వెన్నెల ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పే పని లేకుండా పేరులోనే పెట్టేశారు. విరోధం తీర్చడానికి తెరలూ దుప్పట్లూ అక్కర్లేకపోయాయి.

విజయనగరం మాస్టారు:
ఒక సందేహం. నవ్వింది అసలు శశిరేఖా, మాయ శశిరేఖా? లోపల ఘటోత్కచుడుంటే వెన్నెల కాయదమ్మా, ఎండే.

నెల్లూరు అక్కయ్య:
‘చురుకు’ అని ఎందుకు వేశాననుకున్నారు మాస్టారూ? రెండూ సావిత్రే కదా, ఎటు తిప్పినా వెన్నెలే.

నిర్వాహకుడు:
ఈ వారం తాంబూలం నెల్లూరుకే. ప్రొజెక్టర్ మీద వచ్చిన పూరణలు రెండున్నాయి, గణాలు సరిచేసి పంపితే రేపు చూస్తాను.

రేపటి ప్రశ్న: 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కి దర్శకుడెవరు? వచ్చే శనివారం ఆటవెలది, చివరి పాదం ఇప్పుడే ఇచ్చేస్తున్నాను:

మూగ బొమ్మ లేచి ముచ్చటాడె