చెక్ ఇచ్చి పక్కకి తప్పుకునే ఇన్వెస్టరే మంచి ఇన్వెస్టరా?

తొలి_అడుగు:
సూటిగా చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్ళు వాదించండి. స్టార్టప్ మొదటి దశలో ఫౌండర్‌కి అండగా ఉండేవాడంటే డబ్బు ఇచ్చి దారికి అడ్డం రానివాడే. ప్రోడక్ట్‌కి ఇంకా ఒక రూపం రాలేదు, కస్టమర్ ఎవరో తేలలేదు, అలాంటప్పుడు వారం వారం ఫోన్ చేసి "గ్రోత్ ఎంత" అని అడిగితే ఫౌండర్ అసలు పని వదిలేసి ఆయన కోసం స్లైడ్లు చేసుకుంటూ కూర్చోవాలి. పరిచయాలు చేస్తాం, గైడ్ చేస్తాం అని టర్మ్ షీట్ (పెట్టుబడి షరతులు రాసే కాగితం) ముందు అందరూ అంటారు. మాకు కావాల్సింది టైమ్. సలహాలు ఎక్కడైనా దొరుకుతాయి.

రన్‌వే_లెక్క:
సగమే ఒప్పుకుంటాను. వెంటపడేవాడు అండ కాదు, నిజమే, కానీ నోరు మెదపనివాడు అండ ఎలా అవుతాడండీ? అకౌంట్లో మూడు నెలల జీతాలకి సరిపడా డబ్బే ఉంది, కో-ఫౌండర్ వెళ్ళిపోతానంటున్నాడు, ఆ రోజు రాసిన మెయిల్‌కి రెండు వారాలైనా జవాబు రాకపోతే దాన్ని స్వేచ్ఛ అనుకోవాలా?

ఆఫీసుల్లో టీమ్‌లు మాట్లాడుకునే యాప్ స్లాక్ సంగతి తీసుకోండి. టైనీ స్పెక్ అనే కంపెనీ గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ చేసింది, అది నడవక 2012 చివర్లో మూసేశారు. బ్యాంకులో ఇంకా డబ్బు ఉంది. ఫౌండర్ స్టువర్ట్ బటర్‌ఫీల్డ్ దాన్ని వెనక్కి ఇచ్చేస్తానన్నాడు, ఇన్వెస్టర్లేమో ఉంచుకుని ఇంకోటి ప్రయత్నించమన్నారు. టీమ్ తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న టూలే తర్వాత స్లాక్ అయింది. ఆ ఒక్క మాట అనడానికైనా ఇన్వెస్టర్ దగ్గరలో ఉండాలి కదా.

తొలి_అడుగు:
మీరు చెప్పింది నా వాదనకే బలం. ఏం కట్టాలో వాళ్ళు చెప్పలేదు, టైమ్ ఇచ్చారు, అంతే.

క్లాజు_క్లాజు_చదువు:
మీరిద్దరూ మనిషి స్వభావం గురించే మాట్లాడుతున్నారు. స్వభావం మారుతుంది, ఫండ్‌లో మిమ్మల్ని నమ్మిన పార్ట్‌నర్ రేపు ఉద్యోగం మారిపోతాడు, సంతకం చేసిన కాగితం మాత్రం అక్కడే ఉంటుంది. కాబట్టి అండ ఉందో లేదో నేను ముందు కాగితంలో వెతుకుతాను.

ఒక లెక్క చూడండి. ఇన్వెస్టర్ 100 పెట్టి 20 శాతం వాటా తీసుకున్నాడు. కంపెనీ అనుకున్నంత ఎదగలేదు, చివరికి 300కి అమ్ముడుపోయింది. లిక్విడేషన్ ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్మితే అందరికంటే ముందు ఇన్వెస్టర్ తీసుకునే మొత్తం) ఒక రెట్టు, నాన్-పార్టిసిపేటింగ్ (ఆ మొత్తమో, వాటా ప్రకారం వచ్చేదో, ఒక్కటే) అయితే ఆయన తన 100 తీసుకుంటాడు, మిగతా 200 ఫౌండర్లకీ టీమ్‌కీ. అదే ఒక రెట్టు పార్టిసిపేటింగ్ (రెండూ తీసుకునేది) అయితే ముందు 100, తర్వాత మిగిలిన 200లో 20 శాతం, అంటే మొత్తం 140. రెండు రెట్లు పార్టిసిపేటింగ్ అయితే 220 ఆయనకి, ఇన్నేళ్ళు నిద్ర మానుకున్న అందరికీ కలిపి 80. మూడు సందర్భాల్లోనూ మనిషి ఒకడే, అంతే నవ్వుతూ మాట్లాడతాడు.

సేఫ్ (ఇప్పుడు డబ్బు తీసుకుని, తర్వాతి పెట్టుబడి విడతలో, అంటే రౌండ్‌లో, షేర్లు ఇస్తామనే ఒప్పందం) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది సింపుల్ అని కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాళ్ళు చాలామంది. 2013లో స్టార్టప్‌లకి తొలి పెట్టుబడి పెట్టే అమెరికా సంస్థ వై కాంబినేటర్ తెచ్చింది, కన్వర్టిబుల్ నోట్ (తర్వాత షేర్లుగా మారే అప్పు) లాగా వడ్డీ ఉండదు, గడువు తేదీ ఉండదు, అంతవరకు మంచిదే. కానీ 2018 నుంచి వాడుతున్న పోస్ట్-మనీ (సేఫ్‌ల డబ్బంతా కలిపిన విలువ మీద వాటా లెక్కేసే) రకంలో మీరు ఒకరి తర్వాత ఒకరికి సేఫ్‌లు ఇచ్చుకుంటూ పోతే ఆ డైల్యూషన్ (వాటా తగ్గడం) అంతా పడేది ఫౌండర్ల మీద, ముందు సేఫ్ తీసుకున్నవాళ్ళ మీద కాదు. ఇది ముందే కూర్చోబెట్టి లెక్క వేసి చూపించే ఇన్వెస్టర్ దొరికితే, సరే, ఆయన్ని నేను అండ అంటాను.

చిన్న_చెక్కులు:
అవతలి వైపు నుంచి ఒక మాట. నేను సొంత డబ్బులోంచి చిన్న మొత్తాలు పెట్టే ఏంజెల్‌ని. పెట్టినవాటిలో ఎక్కువ భాగం తిరిగి రావని తెలిసే పెడతాం, అది తట్టుకోలేనివాడు ఈ పనికి రాకూడదు. తట్టుకోలేనివాడే వారం వారం ఫోన్ చేస్తాడు, గమనించండి. ఫౌండర్‌కి ఇచ్చే టెన్షన్‌లో చాలావరకు ఆయన సొంత టెన్షనే.

ఫండ్ అయితే ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి, ఇప్పుడు ఎన్నో ఏడు నడుస్తోందని. సాధారణంగా ఫండ్ ఆయుష్షు 10 ఏళ్ళు, కొత్త కంపెనీల్లో పెట్టేది మొదటి మూడు నాలుగేళ్ళలోనే. చివర్లో మీలో పెట్టినవాడికి మీకంటే ముందే తొందర మొదలవుతుంది, అది ఆయన చెడ్డతనం కాదు, తన వెనక డబ్బు పెట్టినవాళ్ళకి ఆయనా జవాబు చెప్పాలి. తర్వాతి రౌండ్ కోసం రిజర్వ్ పక్కన పెట్టారా అని కూడా అడగండి.

కాదనేటప్పుడు త్వరగా కాదనడం కూడా అండే. రెండు నెలలు "చూస్తున్నాం" అంటూ నాన్చడం కంటే మొదటి వారంలో "మాకు కుదరదు, కారణం ఇదీ" అని చెప్పినవాడు ఫౌండర్‌కి ఎక్కువ మేలు చేశాడు.

రన్‌వే_లెక్క:
దానికి తోడు, పెద్ద ఫండ్ దగ్గర చిన్న చెక్ తీసుకోవడం కూడా ఆలోచించి చేయాలి. తర్వాతి రౌండ్‌లో వాళ్ళు ముందుకి రాకపోతే బయటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "లోపల ఉన్నవాళ్ళే ఎందుకు పెట్టట్లేదు" అనే. పేరు చూసి సంబరపడి తీసుకున్న చెక్కే అప్పుడు అడ్డం తిరుగుతుంది.

మూసేసిన_షాపు:
ఇవన్నీ ముందే తెలుసుకునే దారి ఒకటుంది, దాన్ని ఎవరూ వాడరు. ఇన్వెస్టర్ ఇచ్చిన నంబర్లకి ఫోన్ చేస్తే అన్నీ పొగడ్తలే వినిపిస్తాయి. ఆయన పోర్ట్‌ఫోలియోలో మూతపడిన కంపెనీల ఫౌండర్లని మీరే వెతికి పట్టుకుని మాట్లాడండి. డబ్బు అయిపోతోందని చెప్పిన రోజు ఏమన్నాడు, మూసేసేటప్పుడు కాగితాల్లో సాయం చేశాడా, మళ్ళీ కంపెనీ పెడితే ఆయన దగ్గరికే వెళ్తారా అని అడగండి. ఈ చివరి ప్రశ్నకి అవతలివాళ్ళు ఆలోచనలో పడితే నాకు అదే జవాబు.

తొలి_అడుగు:
కాగితం గురించీ ఫండ్ వయసు గురించీ ఒప్పుకుంటున్నాను, నేను వాటి జోలికి పోలేదు. కానీ అసలు మాట మీద కదలను. కష్టకాలంలో పలకాలి అంటున్నారు, సరే, మేం పిలిస్తే పలకాలి. పిలవకుండానే వచ్చే ఇన్వెస్టర్ వల్ల బాగుపడిన కంపెనీ కంటే దారి తప్పిన కంపెనీలే నేను ఎక్కువ చూశాను.

చిన్న_చెక్కులు:
పిలిస్తే తప్పకుండా పలుకుతాం. కానీ చాలామంది ఫౌండర్లు పిలవరండీ. నంబర్లు బాగున్న నెలలో అప్‌డేట్ వస్తుంది, పడిపోయిన నెల నుంచి మౌనం, మళ్ళీ కబురు వచ్చేసరికి ఇంక మూడు వారాల డబ్బే మిగిలి ఉంటుంది. ఆ మౌనం మొదలైన నెలలో నేను పిలవకుండా ఫోన్ చేస్తే దాన్ని జోక్యం అంటారా?

తొలి_అడుగు:
ఆ నెలలో చేస్తే అనను. బాగున్న నెలల్లో కూడా చేస్తే అంటాను.