మాగ్నెటిక్ ఎంఐపీకి సిలికా పూత తప్పనిసరా, దండగా?

గాజుసీసా: పాలలో కల్తీగా కలిపే మెలమైన్ పట్టుకోవడానికి మాగ్నెటిక్ ఎంఐపీ (అయస్కాంతంతో లాగగలిగే మాలిక్యులర్లీ ఇంప్రింటెడ్ పాలిమర్) చేస్తున్నాను. పాలిమర్‌లో మెలమైన్ అచ్చు పడాలి, మళ్లీ ఆ గుంటలో మెలమైనే కూర్చోవాలి. లోపలి అయస్కాంత పొడి ఐరన్ ఆక్సైడ్‌కి సిలికా పూత మానేసి ఒలీయిక్ యాసిడ్‌తో సరిపెడితే ఏం పోతుంది? సిలికా పూతనిచ్చే టీఈఓఎస్ పనికే రెండు రోజులు పోతున్నాయి.

నల్లపొడి: ఇనుమే పోతుంది. టెంప్లేట్ (అచ్చు కోసం వేసిన మెలమైన్) తీయడానికి మెథనాల్, ఎసిటిక్ యాసిడ్ 9:1తో కడుగుతాం కదా. పూత లేని పొడిని రాత్రంతా షేకర్ మీద పెట్టాను. పొద్దున చూస్తే డికాషన్ రంగు! అంతకుముందు మాగ్నెట్ ఆనించగానే సీసా గోడకు అంటుకునే పొడి, పావుగంటైనా కదల్లేదు. పైగా పాలిమర్ పట్టుకునేలా పొడికి వినైల్ తగిలించే ఎంపీఎస్ అనే రసాయనానికి సిలికా మీది ఓహెచ్‌లు కావాలి.

గాజుసీసా: పైన పాలిమర్ ఉండగా యాసిడ్ లోపలికెలా వెళ్తుందండీ?

నల్లపొడి: మెలమైన్ బయటికొచ్చిన దారినే!

మూడోబెంచి: టీఈఓఎస్ ఎక్కువైతే పూత మందమై అయస్కాంత బలం తగ్గుతుంది. అదీ చెప్పండి.

గాజుసీసా: నేననేదీ అదే. మా గైడ్‌కి నెలనెలా రిజల్ట్ కావాలి. నైట్రోజన్ సిలిండర్ అయిపోతే మూడు వారాలు టెన్షన్. అన్నీ ఉన్న ల్యాబులో కూర్చుని నీతులు ఎన్నైనా చెప్పొచ్చు.

నల్లపొడి: మా ల్యాబులో సిలిండర్లు బారులు తీరి ఉన్నాయనుకుంటున్నారా? నా పేపర్ తిరిగొచ్చింది సిలికా వల్ల కాదు, ఎన్ఐపీ లేక. సరే, మీ ఎన్ఐపీ ఎంత పట్టింది?

కొత్తకోటు: ఎన్ఐపీ అంటే?

మూడోబెంచి: టెంప్లేట్ వేయకుండా మిగతాదంతా అలాగే చేసిన పాలిమర్. అదీ ఎంఐపీ అంతే పడితే అచ్చు పడనట్టే.

గాజుసీసా: ఎన్ఐపీ ఇంకా చేయలేదు. పాలలో వేశాను, మాగ్నెట్‌తో లాగాను, మెలమైన్ వచ్చింది. నాకు కావలసింది అదే కదా!

నల్లపొడి: ఇన్ని రోజులుగా నా గొడవంతా అదేనండీ. అది పాలలోదా, కడిగినా మీ గుంటల్లో మిగిలిందా? మెలమైన్ కలపని పాలతో చూశారా?

*(రెండు రోజుల తర్వాత)*

గాజుసీసా: చూశాను. కలపని పాలలోనూ గ్రాఫ్‌లో మెలమైన్ చోట చిన్న పీక్ వచ్చింది.

మూడోబెంచి: అందుకే కొందరు సైరోమజైన్‌ని టెంప్లేట్‌గా వాడతారు. మెలమైన్‌కే సైక్లోప్రొపైల్ తోక తగిలించినట్టుంటుంది. అది కారినా పీక్ వేరేచోట పడుతుంది.

గాజుసీసా: ఈ మాట మొదటిరోజే చెప్పొచ్చుగా! సిలికా సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.