అమ్మకు నెలనెలా రక్తపరీక్ష, పక్కింటి తాతయ్యకు అవసరం లేదట. ఎందుకని?

జీడితోట:

నమస్కారం. మాది పలాస దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ ఊళ్ళోనే ఉంటుంది. వయసు 54. చిన్నప్పుడెప్పుడో కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండెలో మైట్రల్ వాల్వు సన్నబడిందట. నేను పదో తరగతిలో ఉండగా ఆ సంగతి బయటపడితే బెలూన్ వేసి వెడల్పు చేశారు. చాలా ఏళ్ళు బాగానే గడిచింది.

నిరుడు సంక్రాంతి వెళ్ళాక దడ మొదలైంది. ఇ.సి.జి. తీసి, గుండె లయ తప్పింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. రక్తం గడ్డ కట్టకుండా ఎసిట్రోమ్ రాశారు: ఒక రోజు 2 మిల్లీగ్రాములు, మరుసటి రోజు 3. నెలకోసారి ఐఎన్‌ఆర్ పరీక్ష. రక్తం గడ్డ కట్టడానికి ఎంత ఎక్కువ సమయం పడుతోందో చెప్పే అంకె అది, 2కూ 3కూ మధ్య ఉండాలట. అమ్మది ఎప్పుడూ అక్కడ నిలవదు. ఒకసారి 1.7, ఒకసారి 3.4. పోయిన నెల విరేచనాలకు ఊళ్ళో ఎవరో మెట్రోనిడజోల్ ఇస్తే ఏకంగా 5.1 వచ్చింది, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. రెండు రోజులు మాత్ర ఆపించారు.

పరీక్షకు వెళ్ళిన రోజు జీడిపిక్కల పని పోతుంది, కూలి పోతుంది. పక్కింటి తాతయ్యకూ ఇదే దడ. ఆయన గడ్డ కట్టకుండా అపిక్సబాన్ అనే కొత్త మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాడు. రక్తపరీక్ష ఊసే లేదు, కూరల పట్టింపూ లేదు. అమ్మేమో భయంతో తోటకూర, గోంగూర ముట్టడమే మానేసింది. మేమూ ఆ కొత్త మాత్రకు మారవచ్చా? ఖర్చు ఎక్కువైనా నేను పెట్టుకుంటాను.

కాలనీ కబుర్లు:

మారిపోండి. మా మామగారు రెండేళ్ళ క్రితం మారారు, హాయిగా ఉన్నారు. ఈ కాలంలో కూడా ఆ పాత మాత్రలేమిటి?

పాత చాక్‌పీసు:

బాబూ, పై సలహా విని మాత్ర మార్చేయకండి. వారి మామగారికి వాల్వు జబ్బు ఉందో లేదో వారు రాయలేదు. మీ పక్కింటాయనకూ ఉండి ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మీ అమ్మగారి జబ్బే నాదీ. పన్నెండేళ్ళప్పుడు జ్వరం, ముప్పై ఎనిమిదో ఏట బెలూన్, ఈ మాత్ర మొదలుపెట్టి పందొమ్మిదేళ్ళు. వాల్వు సన్నబడితే గుండె ఎడమవైపు పై గదిలో రక్తం వెనక్కి నిలుస్తుంది, ఆ గది సాగిపోతుంది. కాలువ తూముకు చెత్త అడ్డం పడితే వెనక నీళ్ళు నిలిచి నాచు కడుతుందే, అలాగన్నమాట. దానికి తోడు లయ తప్పి ఆ గది సరిగా ముడుచుకోక వణుకుతూ ఉంటే రక్తం ఇంకా నిలిచిపోయి గడ్డ కడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు చేరితే పక్షవాతం. బీపీ వల్లో వయసు వల్లో లయ తప్పినవారికంటే మనలాంటివారికి ఆ ప్రమాదం చాలా ఎక్కువ.

2023లో నేనూ మీరు అడిగిందే మా డాక్టరుగారిని అడిగాను. ఆయన కోప్పడలేదు, కంప్యూటరు నా వైపు తిప్పి చూపించారు. కీళ్ళవాతపు గుండె జబ్బు ఉండి లయ తప్పిన సుమారు 4,500 మంది మీద ఇన్‌విక్టస్ అనే అధ్యయనం జరిగిందట. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలవారు, అంటే ఈ జబ్బు ఇంకా మిగిలి ఉన్న చోట్లవారు. ఫలితాలు 2022లో వచ్చాయి. కొందరికి అపిక్సబాన్ కోవకే చెందిన రివరాక్సబాన్ అనే కొత్త మాత్ర, మిగతావారికి మనం వేసుకునే పాత రకం. కొత్తదే గెలుస్తుందని అనుకున్నారేమో గానీ, పాత మాత్ర వేసుకున్నవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి. పోనీ రక్తస్రావాలు ఎక్కువయ్యాయా అంటే అదీ లేదు. ఆ తరువాత నేను మళ్ళీ అడగలేదు.

ఇక అంకె నిలవకపోవడం. ఆకుకూర మానేయడం తప్పు. ఈ మాత్ర విటమిన్ కె పనికి అడ్డుపడుతుంది, ఆకుకూరల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది, నిజమే. అందుకని మానేయనక్కరలేదు, ఎప్పుడూ ఒక్కలా తింటే చాలు. నాకు మొదట్లో వానాకాలం పెరటి తోటకూర రోజూ తిన్నప్పుడు అంకె పడిపోయేది, ఎండాకాలం ఆవకాయ ముద్దలతో సరిపెట్టుకున్నప్పుడు పెరిగేది. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆకుకూర పప్పు, ఏ కాలమైనా సరే. డాక్టరుగారు దానికి తగ్గట్టే మోతాదు కుదిర్చారు.

మాత్ర రాత్రి వేసుకోమనండి. పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి రిపోర్టు వస్తుంది, మోతాదు మార్చాలంటే ఆ రాత్రే మార్చవచ్చు. గోడ క్యాలెండరులో 2 వేసుకునే రోజుకు అడ్డగీత, 3 వేసుకునే రోజుకు సున్నా మీరే ముందుగా గుర్తు పెట్టి ఉంచండి. వేసుకోగానే ఆ గడి కొట్టేయాలి. ఈ పని నోటి లెక్కతో నడవదు, టీచరుగా చెబుతున్నాను.

ఇంకొకటి. రక్తం తీసే నీలం మూత గొట్టం మీద ఒక గీత ఉంటుంది. అక్కడిదాకా నింపకపోతే గొట్టంలో ముందే ఉండే మందు వాటా ఎక్కువై అంకె లేనిపోనిదిగా పెరిగి కనిపిస్తుంది. ఒకసారి నాకు 4.8 అని చెప్పి బెదరగొట్టారు. గొట్టం సగానికే ఉండటం నా కళ్ళతో చూశాను కనుక మళ్ళీ తీయించాను. 2.9. అప్పటి నుంచి గీత దాకా రక్తం వచ్చేవరకు కుర్చీ దిగను.

నొప్పుల ఇంజెక్షన్లు తుంటికి వేయించుకోనివ్వకండి. మోకాళ్ళ నొప్పికని నేను ఒక్కసారి వేయించుకుంటే మూడు వారాలు ఆ చోటంతా వంకాయ రంగులో ఉంది.

మందుల కొట్టు:

టీచరుగారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను, ఇరవై ఏళ్ళుగా కౌంటరులో నిలబడుతున్నవాణ్ణి. మెట్రోనిడజోల్ ఒక్కటే కాదు, ఫ్లుకనజోల్, కోట్రైమాక్సజోల్ కూడా ఐఎన్‌ఆర్‌ను పైకి లేపుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కడుపులో రక్తస్రావం తెస్తాయి. జ్వరానికో ఒళ్ళు నొప్పులకో ఒకటి రెండు రోజులు పారాసిటమాల్ నయం. ఏ కొత్త మందు కొన్నా ముందు ఎసిట్రోమ్ పట్టీ చూపించమనండి. నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, తలకు దెబ్బ (పైకి ఏమీ కనిపించకపోయినా సరే): ఈ మూడింటిలో ఏది జరిగినా ఆసుపత్రికే. పన్ను పీకించుకోవాలంటే సొంతంగా మాత్ర ఆపకూడదు. చాలాసార్లు ఆపకుండానే పీకుతారు.

మీ పక్కింటాయన సంగతి. ఐఎన్‌ఆర్ అవసరం లేదు గానీ, అసలు పరీక్షలే లేవనుకోవడం పొరపాటు. కొత్త మాత్రలు ఎంతో కొంత మూత్రపిండాల ద్వారానే పోతాయి. డబిగట్రాన్ అయితే దాదాపు 80 శాతం. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు కదా, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంటే ఏమిటో మీ ఊళ్ళో నేను చెప్పనక్కరలేదు. ఏడాదికి ఒకసారైనా ఆయన అది చూపించుకోవాలి. 80 ఏళ్ళు లేదా అంతకు మించిన వయసు, 60 కిలోలు లేదా అంతకు తక్కువ బరువు, 1.5 లేదా అంతకు మించిన క్రియాటినిన్, వీటిలో రెండు ఉంటే అపిక్సబాన్ మోతాదు సగానికి తగ్గిస్తారు.

కాలనీ కబుర్లు:

వాల్వు సంగతి నాకు తెలియదండీ. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జీడితోట:

అందరికీ కృతజ్ఞతలు. శని, ఆదివారాలు ఊరికి వెళ్ళి క్యాలెండరు గుర్తులు పెట్టి వచ్చాను. అక్కడ ఒక విషయం తెలిసింది. అమ్మ శనివారం రాత్రి అన్నం తినదు, ఉప్మాతో సరి. ఆ రోజు మాత్ర కూడా వేసుకోవడం లేదు! అడిగితే మందుల చీటీ తెచ్చి చూపించింది. దాని మీద ‘రాత్రి అన్నం తిన్నాక ఒకటి’ అని రాసి ఉంది. అన్నం తినలేదు కనుక మాత్ర లేదు. ఏడాదిగా ఇదే వరస. ఇంకేం, వచ్చే శనివారం నుంచి వేసుకోమని చెప్పేశాను. తాతయ్యను కూడా క్రియాటినిన్‌కు పంపిస్తున్నాము.

పాత చాక్‌పీసు:

ఆగండి బాబూ! ఉప్మా తిన్నాకైనా, ఉత్త నీళ్ళతోనైనా ఆ మాత్ర వేసుకోవచ్చు, అందులో ఇబ్బంది లేదు. లెక్క ఒకసారి చూడండి. ఏడాదిగా డాక్టరుగారు మోతాదు కుదిర్చింది ఆరు రోజులే వేసుకునే మనిషికి, ఏడు రోజులూ వేసుకుంటోందని నమ్మి. ఇప్పుడు శనివారం 2 గానీ 3 గానీ అదనంగా కలిస్తే అంకె పైకి పోతుంది. ఈ శనివారం రాకముందే డాక్టరుగారికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. కొత్త మోతాదు ఆయన్నే రాయమనండి, మళ్ళీ రక్తం ఎప్పుడు ఇవ్వాలో కూడా అప్పుడే అడగండి. ఆ చీటీ మీద ‘అన్నం’ అనే మాట కొట్టేయించడం మరచిపోకండి.